కూతురి నాడిపట్టీ

పద్దెనిమిదేళ్లు నిండాక ఎవరు ఏ పని చేయాలో మణికట్టుకి కట్టే నాడిపట్టీ తేలుస్తుంది. ఏ పని బొమ్మ చూసి నాడి ఎగిరి పట్టీ మోగితే ఆ పనే ఖాయం.

హిమజ నాడి పడవల వడ్రంగానికి తప్ప దేనికీ ఎగరదని తల్లి సువర్చలకు తెలుసు. అందుకే పరీక్ష గది బయటే కూతురి పట్టీ విప్పి తను కట్టుకుని, పైట కప్పుకుంది.

"వడ్రంగం కూడు పెడుతుందా? ఇరవయ్యేళ్లుగా సర్వర్ల కేంద్రంలో మేనేజర్ని. ఆ బొమ్మకి నా నాడి ఎగరక చస్తుందా? నువ్వు నోరు మూసుకుని కూర్చో."

లోపల ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నాక, గోడమీద సర్వర్ల కేంద్రం బొమ్మ వెలిగింది. పట్టీ మోగలేదు. సువర్చల ఊపిరి బిగబట్టింది, తొడ గిల్లుకుంది. లాభం లేకపోయింది. బ్యాంకు వచ్చి వెళ్లింది. పడవ కూడా వచ్చి వెళ్లింది. హిమజ పెదవి కొరుక్కుంది.

తర్వాత తెల్లటి తెర మీద తోలుబొమ్మ కనిపించింది. పైట కింద పట్టీ ఆగకుండా మోగింది.

"హిమజ, తోలుబొమ్మలాట" అంటూ అధికారి ముద్ర కొట్టేశాడు. "ఇక మార్చడం కుదరదమ్మా."

హిమజకి గట్టిగా అరవాలనిపించింది. కానీ అమ్మ వేళ్లు ఒళ్లో, లేని తోలుబొమ్మ పుల్లల్ని పట్టుకుని ఆడిస్తున్నాయి.

"ఎప్పుడు మానేశావమ్మా?"

"మీ అమ్మమ్మ నా పట్టీ కట్టుకున్న రోజు."