దించని చెయ్యి

"నెగ్గాం! ఒక్క చెయ్యి తేడాతో!" ఊరి సభ నుంచి కెమెరా మోసుకొచ్చిన థాడ్ గుమ్మంలోనే కేక పెట్టాడు. సభలో చేతులెత్తి డబ్బు మంజూరు చేయడంతో, అమెరికాలో వెర్మాంట్ కొండల్లోని ఆ ఊరి సొంత టీవీ స్టేషన్ ఇంకో ఏడాది బతికింది. దాన్ని నడిపే ఐవీ, తన కొత్త మొగుడైన థాడ్‌ని పట్టుకుని గిరగిరా తిప్పింది.

"చాల్లే, నడుం విరుగుద్ది! ముందు సభ రికార్డింగు వేసి చూడు."

తెర మీద చేతులు లేచాయి. వెనక వరుసలో ఒక చెయ్యి చూసి ఐవీ నవ్వు ఆగిపోయింది. ఈ స్టూడియోలోనే ఏళ్ళ తరబడి గడియారాలు బాగుచేసి చూపించిన ఓర్విల్ తాత. జనవరిలో పోయాడు. నేల గడ్డకట్టి గొయ్యి తవ్వడం కుదరక ఆయన శవపెట్టె ఇంకా శ్మశానం గదిలోనే, మంచు కరగడం కోసం ఎదురుచూస్తోంది.

"ఎవరో... ఆయన పోలికేమోలే," అన్నాడు థాడ్.

లెక్క ముగిసింది. అందరూ చేతులు దించారు. ఆయన దించలేదు. ఆ సభలో చెయ్యి ఎత్తే ఉంచితే, మాట్లాడాలని అర్థం. అధ్యక్షుడు గమనించలేదు. తాత మెల్లగా కెమెరా వైపు తిరిగాడు.

"ఆ ముక్క కోసేద్దామా, ఐవీ?"

"మనల్ని నెగ్గించిన చెయ్యినా? అయినా, ఊళ్ళోవాళ్ళు ఎవరు టీవీలో మాట్లాడతామన్నా మన స్టేషన్ కాదనకూడదుగా, బంగారం." ఆమె గొంతు తగ్గించింది. "రేపు స్టూడియోలో ఆయనకి కుర్చీ వేద్దాం. లైట్లు వేసి, కెమెరా పెట్టేసి, మనం బయట కూర్చుందాం."