పాలోళ్ళు

అడవిలో జడివాన పట్టింది. తల్లి నుంచి తప్పిపోయిన అలుగుపిల్ల వణుకుతూ ఓ పుట్ట దగ్గరికి చేరింది.

పుట్టలోంచి నాగుపాము తల బయటపెట్టింది. "నీ ఒంటి నిండా పొలుసులే, నా ఒంటి నిండా పొలుసులే. మనది ఒకటే వంశం. పాలోళ్ళం. లోపలికి రావే" అంది ప్రేమగా.

నిజమే కాబోలు అనుకుంది పిల్ల. కానీ కడుపు కాలుతోంది. "పిన్నీ, ముందు కాసిని పాలియ్యవూ?"

"పాలా? నాగులచవితికి జనం తెచ్చి పుట్టలో పోస్తేనే మేం వాటి మొహం చూసేది. పాములకి పాలెక్కడివే?"

అలుగుపిల్ల ముందుకేసిన కాలు వెనక్కి తీసుకుంది. పక్క పొదలో ఓ కుందేలు పిల్లలకి పాలిస్తోంది. దాని ఒంటి మీద ఒక్క పొలుసైనా లేదు, అంతా మెత్తటి బొచ్చే. అయినా పిల్ల అటే నడిచింది.

"పొలుసుల పిల్లా, నువ్వు మాకేమవుతావే?" అంది కుందేలు.

"పాలోళ్ళం పిన్నీ."

కుందేలు కాస్త జరిగి, పిల్లల మధ్య చోటిచ్చింది.