రేవు దగ్గర నెమ్మది

అల తగిలి దోనె బోర్లా పడింది.

బుల్లబ్బాయి తన ఇంజను పడవ మీద నుంచి వెనక్కి తిరిగి చూశాడు.

దోనెలోని ముసలాయన నడుం లోతు నీళ్ళలో లేచి నిలబడ్డాడు. కొట్టుకుపోతున్న తెడ్డు వంక చూడలేదు. మెడ సాచి, రేవు మెట్ల మీద బట్టలుతుకుతున్న ఆడవాళ్ళ వైపు చూశాడు. అందరూ ఉన్నారని చూసుకున్నాక గానీ దోనె మీద చెయ్యి వెయ్యలేదు.

ఆపుదామా అనిపించింది బుల్లబ్బాయికి. ఆపలేదు.

పడవ నిండా కొబ్బరికాయలు. పొద్దెక్కేలోపు పాలకొల్లు చేరాలి. లారీలొచ్చాక పడవ మీద సరుకు పంపేవాళ్ళే తగ్గిపోయారు. ఉన్న ఇద్దరు ముగ్గురు షావుకార్లూ ఆలస్యమైతే లారీకి ఎత్తేస్తామంటున్నారు. అందుకే ఇంజను బిగించిన ఈ అయిదేళ్ళలో అతను ఎక్కడా జోరు తగ్గించింది లేదు.

కాలువ మీద పడవవాళ్ళకి కొన్ని మర్యాదలుండేవి. ఖాళీ పడవ లోడు పడవకి దారివ్వాలి. నీళ్ళ తలుపులుండే లాకుల దగ్గర ముందొచ్చినవాడే ముందు వెళ్ళాలి. రేవు కనిపిస్తే అల లేవకుండా దాటాలి. బుల్లబ్బాయి తండ్రి ఇవన్నీ కొడుక్కి చెప్పే పోయాడు. వెదురు గెడ వేసి నడిపిన రోజుల మర్యాదలు ఇంజనుకెందుకులే అనుకున్నాడు కొడుకు.

ఆ ముసలాయన ఎవరో, పేరేంటో అతనికి తెలియదు. రేవుకి ముందున్న వంపులో ఎప్పుడు చూసినా దోనె వేసుకుని ఉండేవాడు. పడవ కనిపించగానే చెయ్యెత్తేవాడు.

"కాస్త నెమ్మదండి బాబూ, రేవులో ఆడోళ్ళున్నారు."

ఎక్కడో వలలు వేసుకుని ఉంటాడు, అవి చిరుగుతాయని ఆడవాళ్ళ వంక పెడుతున్నాడు అనుకునేవాడు బుల్లబ్బాయి. ఒకటి రెండు సార్లు కాలువేమైనా నీ సొంతమా అని కసిరాడు కూడా.

దోనె తిరగబడిన వారానికి, సరిగ్గా ఆ వంపులోనే ఇంజను ఆగిపోయింది.

అడుగున తిరిగే ఫ్యానుకి కాలువలో పెరిగే గుర్రపు డెక్క చుట్టుకుపోయింది. బుల్లబ్బాయి గెడ పెట్టి ఎంత కెలికినా ఊడి రాలేదు.

ముసలాయన దోనె తెచ్చి పడవకి ఆనించాడు. మొలలో కత్తి దోపుకుని నీళ్ళలోకి దిగాడు. మునిగి కాసిని కాడలు కోసి పైకి తేలేవాడు. ఊపిరి తీసుకుని మళ్ళీ మునిగేవాడు. ఆ వయసులో, గంటసేపు.

పని అయ్యాక గట్టు మీద కూర్చుని వణుకుతున్నాడు. బుల్లబ్బాయి తన తువ్వాలు ఇచ్చాడు. నీకేం కావాలో చెప్పు పెద్దాయనా, అన్నాడు.

"ఈ వంపు కాడ ఇంజను ఆపి, గెడేసుకుని దాటండి బాబూ. అంతకంటే ఏం వద్దండి."

ఆ రోజు నుంచి బుల్లబ్బాయి అలాగే దాటాడు. పడవ మెల్లగా పోతుంటే ముసలాయన పక్కనే దోనె నడుపుకుంటూ వచ్చేవాడు. పిల్లలెంతమందని అడిగాడు. ఇద్దరాడపిల్లలని చెబితే సంతోషించాడు. ఒంట్లో బాగుంటోందా, చంటిదానికి పళ్ళొచ్చాయా అని ప్రతిసారీ ఏదో ఒకటి అడిగేవాడు. బుల్లబ్బాయికి ఆ నాలుగు మాటల కోసం వంపెప్పుడొస్తుందా అని ఉండేది.

దోనె తిప్పేసిన సంగతి మాత్రం ఎత్తలేకపోయాడు. తప్పైపోయిందని చెప్పాలని నోటిదాకా వచ్చేది. వచ్చే ట్రిప్పులో చెబుదాంలే అనుకునేవాడు.

ఇంతలో వేసవి వచ్చింది. కాలువలకి నీళ్ళు కట్టేశారు, పడవలు ఆగిపోయాయి.

జూన్‌లో నీళ్ళు వదిలాక మొదటి లోడుతో బయల్దేరాడు బుల్లబ్బాయి. ఈసారి ఎలాగైనా ఆ మాట అనేయాలని దారంతా అనుకుంటూనే ఉన్నాడు.

వంపులో దోనె లేదు.

ఇంజను ఆపి, గెడ వేసుకుంటూ వచ్చి రేవులో పడవ కట్టాడు. మెట్ల మీద ఒకావిడ గిన్నెలు తోముకుంటోంది. వీరవేణి ఆమె పేరు. ముసలాయనకి వరసకి కోడలవుతుంది. ఆయన గురించి అడిగితే తలెత్తి అతన్నీ పడవనీ చూసి, మళ్ళీ గిన్నెల్లోకి చూసింది.

"చిట్టియ్య మావయ్య ఎండల్లో పోయాడండి. జొరమొచ్చింది, నాలుగు రోజులే."

బుల్లబ్బాయి మెట్టు మీద కూర్చున్నాడు. ఆయన పేరు వినడం అదే మొదటిసారి.

ఎప్పుడూ ఆ వంపులోనే ఎందుకుండేవాడని అడిగాడు. వీరవేణి చెప్పింది. నాలుగేళ్ళ కిందట చిట్టియ్య భార్య రత్తమ్మ ఇక్కడే, కింది మెట్టు మీద కూర్చుని బిందె తోముకుంటోంది. ఒక ఇంజను పడవ జోరుగా దాటిపోయింది. దాని అల మెట్లెక్కి, వెనక్కి పోతూ మనిషిని లాక్కుపోయింది. సాయంత్రానికి లాకుల దగ్గర శవం దొరికింది. దహనమైన మూడోనాడే చిట్టియ్య దోనె తీసుకుని వంపులోకి వెళ్ళాడు.

బుల్లబ్బాయి కింది మెట్టు వంక చూశాడు.

"ఎవరిదమ్మా ఆ పడవ?"

 వీరవేణి తోమిన గిన్నెలు ఒక్కొక్కటీ తట్టలో సర్దుకుంది. ఆ పడవ మళ్ళీ వచ్చే రోజున ఊళ్ళో మగాళ్ళంతా కర్రలు పట్టుకుని గట్టు మీద కాపు కాశారనీ, చిట్టియ్యే ఒక్కొక్కరి కాళ్ళూ పట్టుకుని వాళ్ళని ఇళ్ళకి పంపేశాడనీ చెప్పింది. తట్ట నెత్తికెత్తుకుని రెండు మెట్లెక్కి ఆగింది.

"కావాలని చేసింది కాదు, పిల్లలు గలవాడై ఉంటాడు, తెలిస్తే ఇంక పడవెక్కలేడు అని, మీ చెవిన మాత్రం ఎప్పటికీ పడనివ్వద్దని మా అందరి చేతా ఒట్టేయించుకున్నాడండి" అంది, అతని మొహం వైపు చూడకుండా.