నీలం గౌనుకి ఒకటే కొలత

టేపమ్మ మళ్ళీ అద్దం ముందుకొచ్చింది. మెడలో వేలాడే టేపు తీసి తన నడుమే కొలుచుకుంది. పెదవి విరిచింది. గౌను కుట్లు విప్పి మళ్ళీ మిషను ముందు కూర్చుంది. పొద్దుటి నుంచీ ఇదే వరస. కాలు ఒకచోట నిలవడం లేదు.

పక్క గదిలో కంపెనీ వాళ్ళు ఎదురుచూస్తున్నారు. ఆమెకి పేరు తెచ్చిన నీలం గౌనుని ఊరూరా అమ్మేది వాళ్ళే. ఈసారి షరతు పెట్టారు. తొలినాళ్ళ సన్న నడుముతోనే కుట్టాలి, లేదంటే గౌనుని షాపుల్లోంచి తీసేస్తారు.

"లోకంలో అందరూ మీలా ఉండరు అత్తయ్యా!" వ్యాపారం చూసుకునే అల్లుడు తల పట్టుకున్నాడు.

"అందరూ అక్కర్లేదు."

ఆ గౌను కథే వింత. మొదట్లో మోకాళ్ళ పైకి, పిడికెడు నడుముతో ఉండేది. టేపమ్మకి కూతురు పుట్టాక నడుము దగ్గర కుచ్చులొచ్చాయి. ఆడవాళ్ళకి ఊపిరాడే గౌను అని పత్రికలు మురిసిపోయాయి. ఆమె జబ్బలు లావయ్యాక గౌను చేతులు వదులయ్యాయి. వీపు కాస్త వంగాక వెనక గుడ్డ పెరిగింది. అదీ కొత్త పోకడే అన్నారు. గిట్టనివాళ్ళు మాత్రం, "తన ఒంటికి కుట్టుకుని ఫ్యాషనంటోంది, చోద్యం కాకపోతే!" అని మూతి తిప్పారు.

ఎవరేమన్నా ఏటేటా కొలత మారాల్సిందే. టైఫాయిడ్‌తో చిక్కి సగమైన ఏడాది మాత్రం టేపు ముట్టుకోలేదు. "ఇది జ్వరం చేసిన ఒళ్ళు. దీని కొలత దేనికి?" అంది.

గౌను ఏ ఊరు చేరితే ఆ ఊరికి టేపమ్మ పరిగెత్తేది. ట్రయల్ రూము బయట కాలుగాలిన పిల్లిలా తిరిగేది. తెర తీసుకుని వచ్చినవాళ్ళ గౌను చూసేది కాదు, ముఖం చూసేది. ఉసూరుమంటూ ఇల్లు చేరేది.

"సంతకం పెట్టేయండి అత్తయ్యా. నడుము తగ్గిస్తే మీకేం పోతుంది?"

"ఉన్న ఒక్క ఆశా పోతుంది నాయనా." అయినా కలం అందుకుంది. షాపుల్లో గౌనే లేకపోతే ఆ కాస్తా ఉండదు మరి.

అంతలో ఫోను మోగింది. ఎక్కడో దూరపు ఊరి షాపులో పనిచేసే అమ్మాయి. అల్లుడు స్పీకరు నొక్కాడు.

"మేడమ్, చెప్పాపెట్టకుండా తనిఖీకి వచ్చేశారేంటి పొద్దున? గోడ మీద మీ ఫొటో ఉందిగా, ఇట్టే పట్టేశాను! నేను కానంటే కానని ఒకటే బుకాయించారు. గౌను మాత్రం కొలిచి కుట్టినట్టు సరిపోయింది. మీరు రాసిచ్చిన అడ్రసుకే పంపనా?"

అల్లుడు బిత్తరపోయాడు. "పొద్దుటి నుంచీ ఇక్కడే ఉన్నారు కదా అత్తయ్యా!"

టేపమ్మ ఫోనుని రెండు చేతులా పట్టుకుంది.

"ఆ అడ్రసు చెప్పు తల్లీ... వచ్చింది నేను కాదు, నాతోపాటే పుట్టి, నా పోలికే పుణికిపుచ్చుకుని, చిన్నప్పుడు రైల్వేస్టేషన్ రద్దీలో నా చెయ్యి జారిపోయిన మా అక్క."