ఒకరికి ముగ్గురు

ఆయన ఆ ఊరిని లెక్క చూసి ఎంచుకున్నాడు.

పాత రేవు పట్నం. సముద్రం వైపు కోటగోడ, లోపల రాళ్ళు పరిచిన ఇరుకు సందులు, ఎటు వెళ్ళినా మెట్లే. వచ్చినవాళ్ళంతా గోడకీ, దీపస్తంభానికీ ఫొటోలు తీసుకుని పోతారు. ఆయన కంటపడింది మాత్రం అక్కడి జనాభా. బీమా కంపెనీలో ఎవరు ఎన్నాళ్ళు బతుకుతారో అంచనాలు కట్టి రిటైరైన మనిషి మరి.

ఆ పట్నంలో కుర్రకారు చదువులకీ ఉద్యోగాలకీ వలసపోయింది. మగవాళ్ళలో ఓడలెక్కి వెళ్ళి తిరిగిరానివాళ్ళు కొందరు, తొందరపడి పైకే వెళ్ళినవాళ్ళు కొందరు. అరవై దాటినవాళ్ళలో ఒక మగవాడికి ముగ్గురు ఆడవాళ్ళు తేలారు.

భార్య పోయాక ఒక్కడికే వండుకోవడం, ఒక్కడే తినడం, టీవీతో వాదించడం ఆయనకి విసుగెత్తిపోయింది.

"అక్కడ నీకు తెలిసినవాళ్ళు ఎవరున్నారు నాన్నా?" అంది కూతురు.

"ఎవరూ లేరు. అదే మంచిది," అన్నాడు.

ఎందుకు మంచిదో చెప్పలేదు. జుట్టుకి వేసుకునే రంగు డబ్బాని సూట్‌కేసులో చొక్కాల అడుగున దాచాడు.

అద్దెకి దొరికిన గది కింద దర్జీ దుకాణం. ఇంటావిడే దర్జీ. ప్యాంటు పొడుగు తగ్గించమని వెళితే, టేపు మెళ్ళో వేసుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఒక్కరేనా?"

"ఒక్కణ్ణే."

"వారం తిరక్కుండా ఊరంతా తెలిసిపోతుంది లెండి," అంది, పెదాల మధ్య గుండుసూదులతో.

తెలిసిపోయింది. ఒకావిడ కుళాయి కారుతోందని పిలిచింది. ఇంకొకావిడ బీరువా జరపాలంది. మరొకావిడ కప్పు మీద చిక్కుకున్న పిల్లిని దింపాలంది. కొత్తల్లుడికి కూడా అన్ని పిలుపులు రావు. కాకపోతే కొత్తల్లుడి చేత బీరువాలు మోయించరు. నడుము పట్టేసి మంచానపడ్డాక ఆయనకి తత్వం బోధపడింది. ఈ ఊళ్ళో మగవాడి కొరత ఉన్నమాట నిజమే. మొగుడి కొరత మాత్రం ఎవరికీ ఉన్నట్టు లేదు.

పెట్టే బేడా సర్దుకుందామనుకుంటుండగా లైబ్రరీలో హెడ్‌మిస్ట్రెస్ పరిచయమైంది. రిటైరై చాలా కాలమైనా ఊళ్ళో అందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. నిటారుగా నడిచేది. నెమ్మదిగా మాట్లాడేది. అన్నిటికన్నా ముఖ్యంగా, కుళాయి ఊసెత్తలేదు.

"మీకు పైకి చదివి వినిపించే అలవాటుందా?" అని అడిగింది.

"ఉందండీ," అన్నాడు.

లేదు. మర్నాటినుంచి అద్దం ముందు నిలబడి పేపరు గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. కిందినుంచి దర్జీ చీపురుకట్టతో కప్పు పొడిచింది.

సాయంత్రాలు ఇద్దరూ కోటగోడ మీద నడిచేవారు. ఒకరోజు ఆవిడ సముద్రం వైపు చూస్తూ అడిగింది.

"గురక పెడతారా?"

ఆయన నడక ఆపి చొక్కా సర్దుకున్నాడు.

"మా ఆవిడ ఎప్పుడూ అనలేదు."

"కోపం?"

"వస్తుంది. వచ్చినంత తొందరగానే పోతుంది."

"మీ వైపు పెద్దవాళ్ళు ఎంతకాలం బతికారు?"

"మా నాన్న తొంభై చూసి వెళ్ళాడు."

ఆవిడ మొహంలో తృప్తి కనిపించింది. బీమా మనిషికి అంతకన్నా తీయని సంభాషణ ఏముంటుంది? ఇవి ఊసుపోక వేసే ప్రశ్నలు కావని ఆయన గ్రహించాడు. నిజానికి అప్పటికే ఒకరికి ముగ్గురన్న లెక్క ఆయన మరిచిపోయాడు. ఆవిడ పక్కనుంటే ఆ మెట్లు కూడా ఆయాసం తెప్పించడం మానేశాయి.

"ఆదివారం మా ఇంటికి రండి. అమ్మ మిమ్మల్ని చూడాలంటోంది," అంది ఆవిడ. "ముందే చెబుతున్నాను, మా ఇంట్లో అమ్మ మాటే ఆఖరు."

"పెద్దవాళ్ళ మాట తీసేస్తామా," అన్నాడు ఆయన.

దర్జీ చేత కొత్త చొక్కా కుట్టించుకున్నాడు.

"హెడ్‌మిస్ట్రెస్ వాళ్ళింటికా?" అంది దర్జీ, బొత్తాం కుడుతూ.

"అవును."

"గట్టివారే," అంది. దారం పంటితో తెంపింది.

ఆదివారం ఉదయం వెళ్ళి కుర్చీ అంచున కూర్చున్నాడు. హెడ్‌మిస్ట్రెస్ మంచినీళ్ళ గ్లాసు అందించింది.

"కంగారుపడకండి. ఇంతకుముందు ఇద్దరు వచ్చి వెళ్ళారు. వాళ్ళకన్నా మీరు చాలా నయం."

ఇద్దరన్న మాట కాస్త గుచ్చుకుంది. నయమన్న మాట మందు రాసింది.

పైనుంచి చకచకా అడుగుల చప్పుడు. తొంభైకి దగ్గరపడిన పెద్దావిడ, చేతికర్ర లేకుండా, కమ్మీ పట్టుకోకుండా మెట్లు దిగి వచ్చింది. పొద్దున్నే సముద్రంలో ఈదివచ్చిందట, జుట్టు ఇంకా తడిగానే ఉంది. ఆయన లేచి నమస్కారం పెట్టాడు.

పెద్దావిడ పేపరు చేతికిచ్చి చదవమంది. తడబడకుండా చదివాడు. కిటికీదాకా నడిచి రమ్మంది. నడుము నొప్పి పంటి బిగువున అణుచుకుని నడిచివచ్చాడు. హెడ్‌మిస్ట్రెస్ ఆయనకేసి చూసి, బాగానే ఉందన్నట్టు తలూపింది. ఇంక మిగిలింది పెద్దావిడ ఒక్క మాటే. ఆయన నిటారుగా నిలబడ్డాడు.

పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, కూతురి వైపు తిరిగి, "అమ్మాయ్, మనిషి బుద్ధిమంతుడే గానీ, ఇంత ముసలాణ్ణి నేను పెళ్ళి చేసుకోను," అంది.