ఉడుత దాచిన కాయలు

ముందుకాలు విరిగిన ఉడుతొకటి ఉండేది. అడవి గాదె నుంచి వారానికి దోసెడు వేరుశనక్కాయలు సాయంగా వచ్చేవి. తొర్రలో ఒక్క కాయ నిలవున్నా ఆ సాయం ఆగిపోతుంది. అందుకే గాదె తరఫున కొంగ వారం వారం వచ్చి, తొర్రలో ముక్కు పెట్టి వెతికి పోయేది.

ఉడుతకి మాత్రం కూతుర్ని గిజిగాడి బడిలో వెయ్యాలని ఆశ. గూడు అల్లడం వస్తే పిల్ల రేపెవరి ముందూ చెయ్యి చాచక్కర్లేదు. కానీ బడికి బుట్టెడు కాయలు సమర్పించుకోవాలి. అందుకని అది సగం కడుపుకే తిని, మిగిలినవి మూలన దాచేది. తీరా కొంగ రెక్కల చప్పుడు వినపడగానే "తినెయ్యవే తల్లీ, గబగబా తినెయ్యి" అంటూ దాచినవన్నీ కూతురి నోట్లో కుక్కేది.

ఒక వారం కొంగ వస్తూనే తీరిగ్గా కూర్చుంది.

"ఏమ్మా, కొత్త కబురు విన్నావా? పిల్లల చదువుకి దాచిన కాయలకి ఇకమీదట అడ్డు లేదు. పైగా నువ్వెన్ని దాస్తే గాదె కూడా అన్నే కలుపుతుంది. ఏవీ, చూపించు."

ఉడుత కూతురి వైపు చూసింది. పిల్ల అప్పుడే ఆఖరి గింజ మింగింది.

కొంగ ఖాళీ తొర్రలోకి ఓసారి తొంగి చూసి, రెక్కలు విప్పుకుంటూ జాలిగా అంది: "ఏం చేస్తాం! ఈ ఉడుతలకి దాచుకునే అలవాటే లేదు."