చేతులెత్తిన ఊరు

బాలింత సన్నే ఇంటి తలుపుకి ఎర్ర రంగు వేయడం అవినాష్‌కి ఇది రెండోసారి.

మొదటిసారి వేసింది ఎవరో తుడిచేశారు. ఈసారి తుడుస్తున్న మనిషి దొరికింది. ఓ ముసలావిడ. చేతిలో తడి గుడ్డ.

"అది తుడవకూడదు అవ్వా. కాన్పు ఆసుపత్రిలో అయితే ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు. ఊరందరికీ చెప్పాం."

"ఆసుపత్రికనే బయలెల్లింది బాబూ. వాగు దాటనియ్యలె. ఒడ్డునే కన్నది. దానికి ఆ పిల్లేం జేస్తది?"

"ఆసుపత్రిలో అయితే కాలేదు కదా."

"గీ రంగు పడ్డకాడ్నించి సన్నే బోరింగు కాడికి వస్తలేదు. నీళ్ళు నేనే మోస్తున్న."

అవినాష్ డబ్బా మూత బిగించాడు. రంగు వేసేదే అందుకు.

"నే జెప్పేది జర ఇను బిడ్డా."

"సోమవారం మీటింగ్ ఉంది. అక్కడ చెప్పు" అని రంగు డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు.

అవినాష్‌ది ఇనుప గనుల ఊరు బచేలి. తండ్రి శ్రీకాకుళం నుంచి గనుల్లో ఫిట్టర్‌గా వచ్చాడు. కొడుకు సైకాలజీ చదివి, జనం అలవాట్లు మార్చే ఓ సంస్థలో చేరాడు. భేజ్జి అవతల అడవిలో ఉన్న ఈ ఊరిని అతనికి అప్పగించారు. మిరపకోతలకు భద్రాచలం దిక్కు పోయొచ్చే ఊరు కాబట్టి తెలుగుతో పని జరిగిపోతోంది.

ఎనిమిది నెలల్లో పదకొండు తలుపులు ఆకుపచ్చ అయ్యాయి. రాయ్‌పూర్ మీటింగ్‌లో ఆ తలుపుల ఫోటోలకి చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం సిగ్నల్ దొరికే గుట్ట ఎక్కి, పై అధికారి రాజ్యశ్రీకి ఫోన్ చేశాడు.

"ఎవరావిడ?" అని అడిగిందామె.

"కోసే అంటారు మేడమ్. ఈ ఊరిది కాదు. ఏడాది కింద వచ్చి ఊరి చివర గుడిసె వేసుకుందట. ఎవరికి నొప్పులొచ్చినా ఆవిడ అక్కడ ఉంటుందని ఊళ్ళో బుధ్రాం అనే అతను చెప్పాడు."

"మంత్రసాని అన్నమాట. మనకి అడ్డు ఆవిడే. నలుగురి ముందు ఒప్పుకున్న మాట ఎవరూ దాటలేరు. ఊరి చేత ఒట్టు వేయించు."

"ఒకసారి ఆవిడతో కూర్చుని మాట్లాడితే..."

"మాటలతో మారేవాళ్ళయితే మనమెందుకు అవినాష్?"

సోమవారం ఊరంతా బడి ముందు చేరింది. కోసే ఓ చివర కూర్చుంది.

"కోసేని గడప తొక్కనివ్వం అనేవాళ్ళు చెయ్యెత్తండి" అన్నాడు అవినాష్. "పిలిచిన ఇంటికి ఎర్ర రంగు."

ముందు ఎవరు ఎత్తాలో మాట్లాడి పెట్టుకున్నాడు. వాళ్ళు ఎత్తారు. వాళ్ళను చూసి నలుగురు. నలుగురిని చూసి నలభై మంది.

చివరికి బుధ్రాం, అతని పెళ్ళాం కమ్లీ మిగిలారు. కమ్లీకి ఏడో నెల. ఆమె కోసే వంక చూసింది.

అవినాష్ బలవంతపెట్టలేదు. చిన్నగా నవ్వుతూ ఆగాడు. అలా ఆగడం కూడా అతను చదువుకున్నదే.

అందరి తలలూ ఆ ఇద్దరి వైపు తిరిగాయి.

బుధ్రాం చెయ్యెత్తాడు. కాసేపటికి కమ్లీ కూడా ఎత్తింది.

కోసే మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. "మంచిది" అని చీర దులుపుకుని నడిచిపోయింది. మర్నాటికి గుడిసె ఖాళీ.

"చాలా బాగా చేశావు" అంది రాజ్యశ్రీ ఫోన్‌లో.

రెండు నెలల తర్వాత కమ్లీకి నొప్పులొచ్చాయి. రెండు రోజులు పడింది. బిడ్డ దక్కలేదు.

అవినాష్ వెళ్ళేసరికి బుధ్రాం వసారాలో కట్టిన ఉయ్యాల తాళ్ళు విప్పుతున్నాడు.

"కోసేని పిలిచారా?" అని అడిగాడు అవినాష్.

"లేదు సార్. ఒట్టు పెట్టినం గద."

"మరి ఆసుపత్రికి ఎందుకు పోలేదు? ముందే చెప్పానుగా."

"తోలుకపోయే మనిషేది సార్? మాకు హిందీ రాదు. దోర్నపాల్ ఆసుపత్రిల ఎవల్ని అడగాల్నో, నొప్పి యాడనో ఎట్ల జెప్పాల్నో ఎరకలేదు. అదే బుగులైంది."

"పదకొండు మంది పోయారు కదా?"

"ఆళ్ళు కోసే ఎంబడి పోయిన్రు."

అవినాష్‌కి వెంటనే అర్థం కాలేదు. ఆసుపత్రి చీటీ చూసి ఆకుపచ్చ వేసేవాడు. ఎవరితో వెళ్ళారో రాసే గడి అతని ఫారంలో లేదు.

"ఆ రోజు మీటింగ్‌లో ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలె. చెయ్యెత్తమన్నరు. ఎత్తినం."

బుధ్రాం తాళ్ళు చుట్టి పక్కన పెట్టాడు.

"ఇప్పుడెక్కడుంది ఆమె? నేనే వెళ్ళి తీసుకొస్తాను."

"మిరపకోతల బండెక్కి పోయిందట. ఏ ఊరికో ఎవలకెరుక?"

"మీరే కదయ్యా ఆమె పురుళ్ళు పోస్తుందని చెప్పింది."

"నొప్పుల కాడ ఉంటదన్న సార్. పోస్తదని అనలె."

అప్పటిదాకా గోడకి తిరిగి పడుకున్న కమ్లీ లోపల్నుంచే అంది.

"ఆమెకు పురుడు పొయ్యుడు రాదు, కన్నకూతురు కాన్పు కాలేక తన చేతులల్లనే పోయినకాడ్నించి, ఊరూరు తిరిగి కడుపుతోటున్నోళ్ళను చెయ్యి పట్టి ఆసుపత్రికి తోలుకపోవుడొక్కటే వచ్చు."